అంకుల్‌లో దాగిన మేనమామ

భీమవరం నుంచి ఆకివీడు వెళ్లే బస్సు ఉండిలో ఆగితే, ఎక్కేవాళ్లలో ఒకరు బాబాయ్, మరొకరు మావయ్య. బడిపిల్లలకు మాత్రం అందరూ అంకుల్సే.

ఈ కలగాపులగం ఇంగ్లీషుకు పుట్టుకతో వచ్చింది కాదు. పాత ఇంగ్లీషులో అమ్మ తోడబుట్టినవాడు 'ఏఆమ్', నాన్న తోడబుట్టినవాడు 'ఫ్యాదెర'. మనలాగే రెండు మాటలు! జర్మన్‌లోనూ ఒకప్పుడు మేనమామ 'ఓహైమ్'. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, ఫ్రెంచి నుంచి దిగిన 'అంకుల్' మెల్లగా ఆ రెండింటినీ మింగేసింది. జర్మన్‌లోకీ తర్వాత 'ఓంకెల్' దూరింది.

తమాషా ఏమిటంటే, దీని మూలమైన లాటిన్ 'అవుంకులుస్' అచ్చంగా మేనమామే. బాబాయికి అక్కడ వేరే మాట ఉండేది.

డచ్చిలో పాతమాట 'ఓమ్‌'గా బతికే ఉంది. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్లు చుట్టరికం లేని పెద్దాయననూ అలాగే పిలుస్తారు, ఉండి బస్సులో బాబాయ్ అన్నట్టు.