ఆహుతి యెచటికి జేరును?

యజ్ఞమనగా దేవత నుద్దేశించి ద్రవ్యమును త్యజించుటయే యని మీమాంసకులు నిర్వచించిరి; అగ్నిలో వ్రేల్చిన హవిస్సును దేవత నిజముగా భుజించునా యను ప్రశ్నకు, దేవతకు శరీరమే లేదనియు, అందుచే భోజనమును లేదనియు శబరస్వామి నిష్కర్షగా సమాధానము చెప్పెను. త్యాగమే చాలునా, చేరుటయు వలయునా యను నీ విచారము, జర్మనీ దేశమున గార్షింగు నందు అణుసంలీన పరిశోధనకై నిర్మింపబడిన ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ యంత్రమును గూర్చి చదివినప్పుడు నాలో మరల తీవ్రమయ్యెను.

అయస్కాంతక్షేత్రముచే బంధింపబడి, కోట్ల డిగ్రీల తాపముతో నుండు ప్లాస్మాలోనికి ఇంధనమును వాయురూపమున ఊదినచో, అది యంచుననే అయనీకృతమై, గర్భమును జేరుట కష్టమగును. కావున ఇంధనమగు డ్యుటీరియమును ఘనీభవింపజేసి, కొలది మిల్లీమీటర్ల మంచుగుళికలుగా, సెకనుకు వందల మీటర్ల వేగముతో విసరుదురు. కరగుచున్న గుళికనుండి వెడలిన యావిరియే దానిని గప్పి, తాపమునకు అడ్డుపడి, మరికొంత లోనికి బోనిచ్చును. తాను గోల్పోయినదే తనకు కవచమగుట యెంత యాశ్చర్యము! వలయాకారమగు నా ప్లాస్మాకు బయటివైపునుండి విసరిన గుళికాద్రవ్యము వెలుపలికే కొట్టుకొనిపోవుననియు, క్షేత్రము బలీయమగు వలయపు లోపలివైపునుండి విసరినచో గర్భమువైపు సాగుననియు 1997లో అచటి పరిశోధకులు ప్రకటించిరి. ద్రవ్యమొక్కటే, ద్వారము మాత్రము వేఱు. చేరునట్లు ఇచ్చుటయు త్యాగములోని భాగమే యని నేను నమ్ముదును. ఇచట శబరస్వామితో నాకు పూర్తిగా ఏకీభావము లేదు.

ప్లాస్మాను వేడిచేయుటకై లోనికి బంపు తటస్థకణపుంజములదియు నిట్టి మార్గమే: విద్యుదావేశము గల కణము క్షేత్రమును దాటజాలదు గావున, వేగపఱచిన పిదప ఆవేశమును దొలగించియే లోనికి బంపుదురు.

ఇంతచేసినను అర్పితమైన యింధనమున స్వల్పాంశమే సంలీనమగును. శేషమును వెలికి లాగి, శుద్ధిచేసి, మరల గుళికలుగా గట్టి, ఆ లోపలి ద్వారముననే పంపవలెనని ఫ్రాన్సుదేశమున నిర్మింపబడుచున్న ఐటర్ యంత్రమునకు సంకల్పించియున్నారు.