మాండవ్యుడి గడ్డిపరక, మన ఆవుకు వేసిన సూది

జటాయువు ఘట్టం మీద చేసిన వీడియో కింద ఒక చెల్లెలు ఇలా రాసింది: "అన్నా, నాకు ఇరవై రెండేళ్లు. జటాయువుని బొమ్మల్లో చూడటమే గానీ, నిజం రాబందుని ఒక్కసారి కూడా చూడలేదు. అవన్నీ ఏమైపోయాయి?" దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. చాలా బొమ్మల్లో జటాయువుని అందమైన గద్దలా వేస్తారు. వాల్మీకి మాత్రం గృధ్రరాజు అనే అన్నాడు. గృధ్రం అంటే రాబందే. బోడి మెడ, కుళ్లిన మాంసం తిండి, మనం ముఖం తిప్పుకునే ఆ పక్షే. రాముడు తండ్రికి చేసినట్టు దహన సంస్కారం చేసింది దానికే.

1980లలో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవి. ఊరి బయట గొడ్డు చచ్చి పడితే గుంపుగా దిగి, కాసేపట్లో ఎముకలు మిగిల్చి వెళ్లేవి. 1990లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో అవి మెడలు వాల్చేసి, చెట్ల మీద నుంచి చచ్చి పడిపోతుంటే శాస్త్రవేత్తలు గమనించారు. తెల్లవీపు రాబందుల లెక్క చూడండి: 1990ల మొదట్లో వెయ్యి ఉన్నచోట 2007 నాటికి ఒక్కటి మిగిలింది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి అది. పోయినంత తొందరగా తిరిగి రాదు.

కారణం చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. ఏదో వైరస్ అనుకున్నారు. చివరికి పాకిస్తాన్‌లో పనిచేసిన ఒక పరిశోధక బృందం అసలు విషయం పట్టుకుంది, 2004లో నేచర్ పత్రికలో అచ్చయింది. డైక్లోఫెనాక్. మన ఇంట్లో ఒళ్లు నొప్పులకు వాడే మందే. ఆవుకో గేదెకో నొప్పి, జ్వరం, వాపు వస్తే అదే సూది వేసేవాళ్లు. సూది వేసిన కొద్ది రోజుల్లో ఆ పశువు చనిపోతే మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పాడై, యూరిక్ ఆమ్లం తెల్లటి సుద్దలా లోపలి అవయవాలకు పట్టేస్తుంది. కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది.

నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇదే ఫ్రెండ్స్. పులిని చంపేవాడు గోళ్ల కోసం చంపుతాడు, ఏనుగును దంతాల కోసం. అక్కడ పాపం ఎవరిదో చెప్పడం తేలిక. ఇక్కడ ఎవరిది? ఆవు బాధపడుతుంటే చూడలేక సూది వేయించిన రైతుదా? గోసేవ చేస్తూనే మనం జటాయువు వంశాన్ని చంపుకున్నామన్నమాట. ఎవరికీ తెలియదు, ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. మరి తెలియక చేసింది పాపమా, కాదా?

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్య మహర్షి కథ ఉంది. ఆయన మౌనవ్రతంలో ఉండగా దొంగలు వచ్చి ఆశ్రమంలో దాక్కున్నారు. రాజు ఆయన్ని కూడా దొంగే అనుకుని కొరత వేయించాడు, అంటే శూలానికి గుచ్చించాడు. తర్వాత ఆయన యమధర్మరాజు దగ్గరికి వెళ్లి "నేనేం చేశానని ఈ శిక్ష?" అని నిలదీశాడు. "చిన్నప్పుడు తూనీగలను గడ్డిపరకలతో గుచ్చావు కదా" అన్నాడు యముడు. మాండవ్యుడికి ఒళ్లు మండింది. తెలియని వయసులో చేసిన దానికి ఇంత శిక్షా అని, నువ్వు భూమ్మీద పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. అంతటితో ఆగకుండా, పద్నాలుగేళ్లలోపు చేసింది పాపం కిందకి రాదని కొత్త నియమం కూడా పెట్టాడు.

ఈ కథ చెప్పేటప్పుడు శాపం దగ్గరే ఆగిపోతాం మనం. నాకు ఆ పద్నాలుగేళ్ల హద్దు ముఖ్యం అనిపిస్తుంది. తెలియనితనానికి మినహాయింపు ఉంది, నిజమే. కానీ దానికి గడువు కూడా ఉంది. తూనీగ నొప్పి మాత్రం రెండు వైపులా ఒకటే అనుకోండి, అది వేరే సంగతి.

రాబందుల విషయంలో మన బాల్యం 2004లో అయిపోయింది. ఆ తర్వాత ఏం చేశాం? 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది, బాగుంది. కానీ మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు మందుల షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి, వాటినే పశువులకు వాడారు. ఒక సీసాలో 3 మిల్లీలీటర్లకు మించి ఉండకూడదని రూలు వచ్చేసరికి 2015. రాబందులకు హాని చేసేవే అయిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు నిషేధించేసరికి 2023. ఈ మధ్యలో మెలాక్సికామ్ అనే మందు ఉంది. పశువుకు నొప్పి తగ్గిస్తుంది, రాబందుకు ఏమీ కాదు. అంటే ఆవా, రాబందా అని ఎంచుకోవాల్సిన ధర్మసంకటం కూడా కాదిది.

"ఎవరో ఒకరిద్దరు వేస్తే ఏమవుతుంది" అనడానికీ లేదు. వంద కళేబరాల్లో ఒక్కదానిలో కూడా కాదు, అంతకంటే తక్కువ వాటిలో మందు ఉన్నా ఈ నాశనానికి సరిపోతుందని లెక్క తేల్చారు. ఒక్క కళేబరం చుట్టూ అంత గుంపు చేరుతుంది మరి.

రాబందులు పోవడం వల్ల కుళ్లిన కళేబరాలు, కుక్కలు, రోగాలు పెరిగి 2000-2005 మధ్య సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా వేశారు. పెద్ద మాటే. అయినా మనకు ఉపయోగం కాబట్టి కాపాడాలి అనే వాదన మీద నాకు అంత మోజు లేదు. జటాయువు సీతమ్మను కాపాడలేకపోయాడు కదా! రాముడు ఆ లెక్క చూడలేదు.

మనం సిటీలో ఉండేవాళ్లం, మనకు గొడ్లు లేవు, నిజమే. కానీ మనలో చాలామంది పుట్టినరోజుకో, అమావాస్యకో ఫోన్‌లోంచే గోశాలకు డబ్బు పంపుతాం. పోయిన నెల నేను పంపే గోశాలకు ఫోన్ చేసి, "ఆవులకు నొప్పి వస్తే ఏ సూది వేస్తారండీ?" అని అడిగాను. అవతలి పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పదిహేనేళ్లుగా చేస్తున్నాను బాబూ, గడ్డికి ఎంత అని అడుగుతారు, రసీదు అడుగుతారు. ఇది ఎవరూ అడగలేదు. డాక్టరు గారిని కనుక్కుని చెప్తా" అన్నారు. మెలాక్సికామ్ అనే పేరు రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు. మొన్న మళ్లీ ఫోన్ చేస్తే, డాక్టరు గారు ఊళ్లో లేరట. వచ్చే సోమవారం మళ్లీ చేస్తాను.