చిన్నవాని గొఱ్ఱెపిల్ల

మా కొత్తపల్లెలో తొలకరికి గట్లమీద లేతపచ్చిక మొలచునప్పుడు గొఱ్ఱెలవారు సంతోషింతురు, భయపడుదురు కూడ. ఆ పచ్చిక ఆశగా మేసినవాటికి చిటుక రోగము తగులును. సాయంకాలము గంతులు వేసిన పిల్ల తెల్లవారుసరికి చచ్చి పడియుండును.

మా సంఘములో ఆరేండ్ల చిన్నవాడొకడు తల్లిలేని గొఱ్ఱెపిల్లను సీసాపాలతో పెంచెను. అది వాని మంచము క్రిందనే పండుకొనెడిది. ఒకనాడు వాడే దానిని గట్టుమీదికి తోలుకొనిపోయి కడుపునిండ మేపెను. ఆ రాత్రియే అది చచ్చెను. వాడు నిద్రలేవకమునుపే తండ్రి దానిని పూడ్చివచ్చి, "సంతలో అమ్మితిని" అని చెప్పెను. బిడ్డ తన్నుతాను నిందించుకొనునేమోయని ఆయన భయము. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు నేనును, "మరియొకటి కొనిపెట్టుము" అంటినేగాని, అబద్ధమునుగూర్చి ఏమియు ననలేదు.

చిన్నవాడు ప్రతి సంతనాడు త్రోవ చూచుచుండెను. కొంతకాలమునకు వాని అవ్వ ప్రభువునందు నిద్రించెను. సమాధియొద్ద నేను పునరుత్థానమునుగూర్చి చెప్పి ముగించగానే వాడు నా అంగీ పట్టుకొని, "అయ్యగారూ, ఇదైనా నిజమేనా?" అనెను. గొఱ్ఱెపిల్ల సంగతి వీధిపిల్లలవలన వానికి తెలిసిపోయినది.

ఆ రాత్రి తండ్రియు నేనును వానియొద్ద కూర్చుంటిమి. "చచ్చిపోయినది" అను మాటనే వాడితిమి. నిద్రించెనని పెద్దలము అనుకొందుము గాని, పసివారు ఆ మాట విని పండుకొనుటకే జంకుదురు. ఊరికి పోయినదనిన ఎదురుచూతురు. ఆ యీడువారికి చావు మరలిరానిదని ఒక్కమారు చెప్పిన తెలియదు. పదిమారులడిగినను విసుగక అదే చెప్పవలెను.

"నేను మేపినందుకేనా?" అని వాడడిగెను. కాదని చెప్పుట సులభమే. తండ్రి కొంతసేపు తలవంచుకొని, "మేసినతరువాతనే రోగము వచ్చినది, అబ్బీ. అది నీకు తెలియదు. వానలకు ముందు టీకా వేయించుట నా పని. నేను వేయించలేదు" అనెను. అప్పుడు వాడు తండ్రి ఒడిలో చేరి ఏడ్చెను.

పశువుకొరకు ఇంత ఏడ్పా యని కొందరందురు. దావీదు రాజు మనస్సాక్షిని మేల్కొలుపుటకు నాతాను ప్రవక్త యెంచుకొన్నది ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల కథయే గదా! రాజు దానిని విని నవ్వలేదు.

"అది పరలోకములో నుండునా?" అనియు వాడడిగెను. 1781లో జాన్ వెస్లీ గారు రోమా పత్రిక 8వ అధ్యాయముమీద వ్రాసిన ప్రసంగములో పశువులకును విమోచన కలుగునని నిరీక్షించెను. నాకంత ధైర్యము చాలలేదు. "నాకు తెలియదు, బిడ్డా. పిచ్చుక నేలబడినను దేవునికి తెలియునని యేసు చెప్పెను, అదిమాత్రము నాకు తెలియును" అంటిని.

మరునాడు తండ్రి వానిని పూడ్చినచోటికి తీసికొనిపోయెను. వాడు దాని మెడత్రాడు అక్కడ పెట్టి, మరల చేతికి తీసికొని, "నాయనా, తక్కినవాటికి సూది వేయించితివా?" అనెను.