బూర ఊదినవానికి విస్తరి వేసితిమా?

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 13:1, ద్వితీయోపదేశకాండము 24:14, 15



వరంగల్ రోడ్డున బస్సెక్కి పట్టణమునకు పోవు మనవారికి ఉప్పల్ చౌరస్తా క్రొత్త కాదు. అక్కడను, ప్రక్కనున్న నాచారములోను పెండ్లి దినములు వచ్చెనా, వీధిలో బ్యాండు మేళము మ్రోగును. రంగు కోట్లు తొడిగి, ఇత్తడి బూరలు పట్టి, పెండ్లికుమారుని ముందర నడచువారిని మనమందరము చూచియున్నాము. మన పల్లెలలోను క్రైస్తవ వివాహములకు వారిని పిలుచుచున్నాము.

ఇత్తడి అనగా రాగియు తుత్తునాగమును కలిసిన లోహము. దానికి స్వంత స్వరము లేదు. ఊదువాని పెదవులు అదరగా గొట్టములోని గాలి అదరి ధ్వని పుట్టును. పూర్వపు బూర కొన్ని స్వరములనే పలుకగలిగెను. 1818లో జర్మనీ దేశస్థులగు స్టోల్జెల్, బ్లూమెల్ అనువారు బూరకు మీటలమర్చు పద్ధతికి హక్కు పొందిరి. మీట నొక్కగా గాలి పోవు దారి పొడవై స్వరము దిగును. అటుపిమ్మట ఇంగ్లండులో గని పనివారును, మిల్లు కూలీలును సయితము బ్యాండులు కట్టుకొనిరి. 1878లో సాలిస్‌బరీ పట్టణమున ఫ్రై అను ఒక తండ్రియు ముగ్గురు కుమారులును రక్షణ సైన్యము వారి వీధి కూటములలో బూరలూదిరి. మన దేశములో ఆంగ్లేయుల దండు బ్యాండులను చూచియే పెండ్లి మేళములు ఈ వాద్యములను, ఆ కోట్లను చేపట్టినవి. 1806లో ఆ పేరు పొందిన సికింద్రాబాదు దండు నాచారమునకు ఎంతో దూరము కాదు.

కొరింథు పట్టణపు కంచు ఆనాటి లోకములో పేరెన్నికగన్నది. పౌలు ఆ ఊరివారికే వ్రాయుచు, ప్రేమ లేనివాని పలుకు వట్టి లోహపు మ్రోత వంటిదనెను. ఈ మాటను మనము ప్రసంగించువానికిని, పాడువానికిని అప్పగించి ఊరకుందుము. మేళమును పిలిచిన ఇంటికి ఇది వర్తింపదా?

మేళమువారు ఎండలో నడచి, పెదవులు అలయువరకు ఊది, పందిటి వెలుపల నిలుతురు. చుట్టముల బంతి లేచును, స్నేహితుల బంతి లేచును. కడపట వారికి చల్లారిన అన్నము. కూలి అడిగినచో, “రేపు రమ్ము” అను మాట. ముహూర్తములు లేని మాసములలో వారికి ఈ పని లేదు. నేటి రూకతోనే వారి ఇంట పొయ్యి వెలుగవలెను.

“డబ్బు మాట్లాడుకొంటిమి గదా, ఇంకేమి?” అని కొందరందురు. నిజమే, మాట్లాడుకొన్నాము. అయితే మన స్తోత్రగీతమును వారి ఊపిరితో పలికించుకొని, వారి ఆకలిని మరచినచో, ఆ దినమున ప్రేమ లేని లోహము వారి చేతిలోని బూర కాదు, మన హృదయమే. పేదవాని కూలి ప్రొద్దు గ్రుంకకమునుపే అతని చేతికి అందవలెనని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించెను. అతడు దానిమీదనే ఆశ పెట్టుకొన్నవాడని దేవుడెరుగును.

కాబట్టి, ప్రియులారా, రాబోవు పెండ్లి దినములలో మూడు పనులు చేయుదము. మేళమువారికి ముందుగా నీళ్లిత్తము. మన బంతిలోనే విస్తరి వేయుదము. ఒప్పుకొన్న కూలిని తగ్గింపక, దీపము పెట్టు వేళకు ముందే చెల్లింతము. అప్పుడు మన పందిటిలో మ్రోగినది ప్రభువు చెవికి ఇంపగును గాక. ఆమేన్.