కండ్ల పేరు ముందు

ఓరుగల్లు లక్ష్మీపురం మార్కెట్‌లో ఒక సేటు కూరగాయల టోకు వ్యాపారం చేసేవాడు. ఏటా ఆషాఢంలో భద్రకాళి గుడిలో శాకంబరి ఉత్సవాలు మొదలయ్యాయంటే, పౌర్ణమి అలంకారానికని పది బస్తాల కూరగాయలు పంపేవాడు. అన్నీ ఏరిన సరుకే. వెతికినా ఒక్క పుచ్చు వంకాయ దొరకదు.

తెల్లవారుజామున అదే దుకాణం ముందుకు ఒక అవ్వ వచ్చేది. హమాలీలు బస్తాలు దించేటప్పుడు జారిపడ్డ టమాటలు, చిక్కుడుకాయలు ఏరి కొంగులో వేసుకునేది. సేటు లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండానే "జరుగు, జరుగు" అనేవాడు. పదేళ్లుగా ఆమెతో ఆయన ఆడిన మాట అదొక్కటే.

ఒక ఏడు మిరుగం పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు రాలలేదు. ధరలు మండిపోయాయి. సేటు కిందపడ్డ కాయల్ని కూడా తట్టలోకి ఎత్తించి అమ్మించాడు. అవ్వ ఖాళీ కొంగుతో తిరిగిపోయింది. వానలు పడాలని మొక్కుకుని, అమ్మవారికి మాత్రం ఆసారి పదిహేను బస్తాలు పంపాడు.

పౌర్ణమినాడు దర్శనానికి వెళ్లాడు. కాకతీయ గణపతిదేవుని మంత్రి హరి తవ్వించిన చెరువు పక్కనే గుడి. ఒకప్పుడు అమ్మది ఉగ్రరూపమనీ, 1950లో గుడిని బాగుచేసినప్పుడు నాలుక మీద అమృత బీజాక్షరాలు రాసి శాంతింపజేశారనీ పెద్దలు చెప్పుకుంటారు. ఆ రోజు అమ్మ ఒంటినిండా బెండ, కాకర, దొండ, పచ్చిమిరప దండలే. సేటు కళ్లు తన సరుకు కోసం వెతికాయి.

మండపం పక్కన ఆడవాళ్లు దబ్బనాలతో దండలు గుచ్చుతున్నారు. వాళ్లలో ఆ అవ్వ!

"ఇండ్ల నా కాయలేవే అవ్వా?" అని అడిగాడు.

"గుర్తువట్టనీకి సొరకాయ మీద నీ పేరు రాసి పంపినవా సేటూ?"

అందరూ నవ్వారు. సేటు చిన్నబోయాడు. "పదిహేను బస్తాలిచ్చిన" అన్నాడు.

"ఇచ్చినవ్ బిడ్డా, ఎవరు కాదన్నరు? పంతులు చెప్పిన కథ చెప్త, ఇను. నూరేండ్లు వాన లేదట. అమ్మ వచ్చుడు వచ్చుడే కూరగాయలు పంచిందా? లేదు. నూరు కండ్లతోని అందర్ని జూసింది. గందుకే శతాక్షి. జూసినంక తన ఒంట్లకెళ్లే కూరలు మొలిపించి, వానలు వడేదాంక లోకాన్ని సాకింది. గప్పుడైంది శాకంబరి. కండ్ల పేరు ముందు, కూరల పేరు ఎనుక."

మర్నాడు తెల్లారగట్ల సేటు మొదటిసారి తలెత్తి చూశాడు. అవ్వ ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చేత్తో నేలంతా తడుముతోంది. ఎడమ కంట్లో తెల్లటి పొర. తట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఈ కన్ను ఎన్నొద్దులసంది ఇట్లున్నదే అవ్వా?"

"పదేండ్లాయె సేటూ. నువ్వియ్యాల జూసినవ్."

నీతి: దేవీ మాహాత్మ్యం 11వ అధ్యాయంలో అమ్మ తన రాబోయే అవతారాలు చెబుతూ, ఈ కరువు కథ దగ్గర ముందు శతాక్షినంటుంది, తర్వాత శాకంబరినంటుంది, ఆ తర్వాతే దుర్గముడనే రాక్షసుణ్ని చంపి దుర్గనవుతానంటుంది. చూపు, అన్నం, ఆయుధం: ఇదీ వరుస. ఎదుటి మనిషిని చూడకుండా పెట్టింది ఎన్ని బస్తాలైనా సరుకే. చూసి పెట్టింది పిడికెడైనా ప్రసాదం.