పోయిందా, పోగొట్టానా

మా పక్కింటాయనకి 74 ఏళ్లు. ఇక్కడే, కోవెంట్రీలో, ఓ కార్ల ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇంగ్లీషులో ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను, ఇక్కడ అందరూ అంతే. తెలుగులో తలుచుకుంటే మాత్రం ‘ఆయన’ తప్ప ఇంకో మాట రాదు. ఆయన గ్యారేజీలో మూడేళ్లపాటు ఒక కారు తయారైంది. మొన్న జూన్‌లో దాని ఇంజన్ని నేను చెడగొట్టాను. ‘చెడగొట్టాను’ అనే ఆ ఒక్క మాట ఆయన ముందు అనడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందన్నదే నా గొడవ.

అది కిట్ కారు. ఫ్రేమూ, బాడీ రేకులూ కొనుక్కుని, ఇంజనూ గేర్‌బాక్సూ ఏదో పాత కారులోంచి పీకి, ఇంట్లోనే జోడించుకునే కారు. బ్రిటన్‌లో ఈ పిచ్చికి పెద్ద చరిత్రే ఉంది. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే రెండు సీట్ల బుల్లి కారు తెచ్చినప్పుడు దాన్ని విడిభాగాలుగా కూడా అమ్మేవాళ్లు. తయారైన కారు మీద పర్చేజ్ టాక్స్ ఉండేది, విడిభాగాల మీద ఉండేది కాదు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది, ఆ ఏడాదే సెవెన్ హక్కులు కేటర్‌హామ్‌కి వెళ్లిపోయాయి, పిచ్చి మాత్రం ఎక్కడికీ పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకం రాశాడు. ఆ డబ్బులో పూర్తిచేసిన మనిషి నాకింతవరకూ తగల్లేదు. మా ఆయన కారు కూడా ఆ సెవెన్ వాలకమే. ఇంజను ఫోర్డ్ సియెరాది, రేడియేటరు ఫోక్స్‌వాగన్ పోలోది.

నేను బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఆ గ్యారేజీలోకి నన్ను లాగింది రేడియేటరే. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ రిపేరు షాపుండేది. ఆ మాట గోడ మీంచి ఒకసారి అన్నందుకు, మర్నాడు ఆయన ఒక రేడియేటర్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

ఈ కార్లకి ముక్కు బాగా కిందికి ఉంటుంది. రేడియేటరు ఆ ముక్కులో కూర్చుంటుంది, ఇంజను తల దానికంటే ఎత్తులో ఉంటుంది. నీళ్లు పోసినప్పుడు లోపలున్న గాలి పైకి పోయి ఇంజను తలలోనే ఇరుక్కుంటుంది. అందుకని నీళ్ల డబ్బాని అన్నిటికంటే పైన బిగించి, హోస్ పైపుల్ని నొక్కుతూ వదుల్తూ ఆ గాలంతా బయటికి తీయాలి. ఓపిక కావలసిన పని. అది ఆయన చేశారు, ఒక సాయంత్రమంతా. రేడియేటర్ని ఫ్రేముకి నేరుగా బోల్టు వేస్తామంటే నేను ఒప్పుకోలేదు. నడిచేటప్పుడు ఫ్రేము మెలి తిరుగుతుంది, ఆ మెలి రేడియేటర్లోకి వెళ్తే అతుకులు విడతాయి. “రేడియేటర్ని బిగించకూడదురా, ఆనించాలి” అనేవాడు నాన్న. నాలుగు రబ్బరు బుష్‌లు వేసి ఆనించాం.

వైరింగు నా వంతు. ఆయన చేతులు వణుకుతాయి. పానా పట్టుకుంటే నిలుస్తాయి, సన్నటి తీగ పట్టుకుంటే నిలవవు. రేడియేటర్లో ఉన్న స్విచ్చు నీళ్ల వేడి 92 డిగ్రీలకి చేరితే ఫ్యాన్‌ని ఆన్ చేస్తుంది, 87కి దిగితే ఆపేస్తుంది. రిలేలో కూడా 87 అనే పిన్ను ఉంటుంది, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ చలి రాత్రి ఇద్దరం దాని మీద ఎందుకో చాలాసేపు నవ్వుకున్నాం.

ఫ్యాన్ పాత సామాన్ల యార్డులో కొన్నది. రెండు తీగలూ నలుపే. ఒకదాని మీద వెలిసిపోయిన సన్నటి గీత. ఆ గీత ఉన్నది ఎర్త్ అయ్యుంటుందనుకున్నాను. కనెక్షన్ ఇచ్చి, ముక్కు ముందు కూర్చుని చెయ్యి పెడితే గాలి రివ్వున ముఖానికి కొట్టింది. “వస్తోంది!” అని అరిచాను. ఆయన చప్పట్లు కొట్టారు.

గాలి ముఖానికి కొట్టకూడదు. ఫ్యాను రేడియేటరు వెనకుంది, ముందునుంచి గాలిని లోపలికి లాగాలి. తీగలు తారుమారైతే మోటారు ఉల్టా తిరిగి, ఇంజను దగ్గరి వేడిగాలిని బయటికి తోస్తుంది. కారు కదిలేటప్పుడు ఎదురొచ్చే గాలితో కుస్తీ పడుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. నాన్న షాపులో ఫ్యాన్ బిగించిన ప్రతిసారీ ముందువైపు ఒక న్యూస్‌పేపర్ ముక్క పెట్టి చూసేవాడు. అంటుకుంటే సరే, ఎగిరిపోతే తీగలు మార్చాలి. రెండు సెకన్ల పని. ఇంట్లోంచి అన్నానికి పిలుస్తున్నారు, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, నేను కాగితం పెట్టలేదు. చలికాలం, బానెట్ తీసి ఉంది కాబట్టి ఆ ఉల్టా గాలే సరిపోయింది. ప్రభుత్వ పరీక్షలో కూడా బ్రేకులూ, పొగా, బయటి అంచుల గుండ్రదనమూ చూశారు కానీ ఫ్యాన్ ఎటు తిరుగుతోందని ఎవరూ అడగలేదు.

జూన్‌లో ఒక ఎండ ఆదివారం కెనిల్‌వర్త్ దాకా వెళ్లి వస్తున్నాం. రోడ్డు పనుల దగ్గర ట్రాఫిక్ ఆగింది. గేజు ముల్లు పైకెక్కుతోంది. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు మా ఇద్దరికీ స్పష్టంగా వినిపిస్తోంది, ఆ ధైర్యంతోనే ఇంజను ఆపలేదు. తర్వాత ఆవిరి, తెల్లటి పొగ. ఇంటికి లాక్కొచ్చి ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెట్టు. నీళ్లు ఆయిల్లో కలిశాయి.

“హెడ్ గ్యాస్కెట్ పోయింది” అన్నాను.

ఆయన స్టూలు మీద కూర్చుని తన చేతులవైపు చూసుకున్నారు. గాలి సరిగ్గా తీయలేదు, నా తప్పే, అన్నారు. కాసేపాగి, కారు అమ్మేస్తానన్నారు.

రెండు రోజుల తర్వాత, ఆయన ఇంట్లో లేనప్పుడు, స్విచ్చు తీగలు రెండూ కలిపి ఫ్యాన్ ఆడించి చూశాను. ముక్కు దగ్గర ఒక ఎండుటాకు పడుంది. అది నా కాళ్లవైపు ఎగిరొచ్చింది.

తెలుగులో మనకొక సౌకర్యం ఉంది. పగిలింది, పగలగొట్టాను. చెడింది, చెడగొట్టాను. పోయింది, పోగొట్టాను. మొదటి మాటలో మనిషి ఉండనక్కర్లేదు. చిన్నప్పుడు గ్లాసు పగిలిందని చెబితే మా అమ్మమ్మ “పగిలిందా, పగలగొట్టావా?” అనేది. గ్యాస్కెట్ పోయింది అని నేనన్నప్పుడు అబద్ధమాడలేదు, అప్పటికి నాకు తెలియదు. మూడో రోజు ఆయన అడిగితే మళ్లీ అదే మాటన్నాను. ఒక్క అక్షరం మారలేదు, కానీ అప్పటికది అబద్ధం.

మా ఆఫీసులో దీనికి ఏర్పాట్లున్నాయి. గిట్‌లో ‘బ్లేమ్’ అని ఒక కమాండ్ ఉంది, ఏ లైను ఎవరు రాశారో ఇట్టే చెప్పేస్తుంది. ఇంకోపక్క, సర్వర్లు పడిపోయాక రాసే రిపోర్టులో ఎవరి పేరూ ఉండకూడదని నియమం. తప్పు మనిషిలో కాదు, పద్ధతిలో వెతకాలంటారు. నేనా నియమాన్ని నమ్ముతాను, కొత్తగా చేరిన పిల్లలకి పాఠంలా చెబుతాను కూడా. ఆ పదకొండు రోజులూ దాన్ని నా మీదే ప్రయోగించుకున్నాను: తీగలకి రంగుల్లేవు, చెక్‌లిస్టు లేదు, ఫలానా పద్ధతి లోపం. అన్నీ నిజాలే. అయితే ఆ రిపోర్టు చదివేవాళ్లలో ఎవరూ తప్పు తనదేనని నమ్ముతూ స్టూలు మీద కూర్చుని ఉండరు. ఇక్కడ ఉన్నాడు. నేను వదిలేసిన పేరు గాల్లో కలిసిపోలేదు, పోయి ఆయన మీద వాలింది.

బెర్నార్డ్ విలియమ్స్ 1976లో ‘మోరల్ లక్’ అనే పేపరు రాశాడు. అందులో ఒక లారీ డ్రైవరుంటాడు. అతని తప్పేమీ లేకుండానే ఒక పిల్లవాడు లారీ కింద పడతాడు. చూసినవాళ్లందరూ బాధపడతారు, డ్రైవరు బాధ మాత్రం వేరు, ఎందుకంటే అది అతని చేతుల మీదుగా జరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నీ తప్పు కాదని ఓదార్చడం సరైనదే, కానీ ఆ ఓదార్పుని అతను మరీ తేలిగ్గా ఒప్పేసుకుంటే మనకే అతని మీద అనుమానమొస్తుంది అంటాడు విలియమ్స్. నాకది చాలా నచ్చే ఆలోచన. నా విషయానికి అతకదు, నిజానికి. నేను కాగితం పెట్టలేదు, నాది అదృష్టం సమస్య కాదు. అయినా దాన్ని పదేపదే చదివాను. చదువుతున్నంతసేపూ చెప్పక్కర్లేదు కదా.

నాకు గుర్తొచ్చిన లారీ డ్రైవరు వేరు. నాకు పదకొండేళ్లప్పుడు ఒకతను వారం కిందట బాగుచేయించుకున్న రేడియేటరే మళ్లీ తెచ్చాడు. నాన్న దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టాడు. బుడగలు వస్తున్నది కొత్తగా వేసిన టంకం దగ్గరే. నేను చూశాను, నేను చూడటం నాన్న చూశాడు. “బోరు నీళ్లు పోశావయ్యా, కోర్ కుళ్లిపోయింది” అన్నాడు ఆ డ్రైవర్తో. అతను పాపం తలూపాడు, తనకి బుద్ధి లేదని తనే తిట్టుకుని మళ్లీ డబ్బులిచ్చాడు. ఆ డబ్బులతోనే ఇంట్లో బియ్యం కొన్నాం, నా ఫీజు కట్టాం, అందుకే ఆయన మీద తీర్పు చెప్పే హక్కు నాకుందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను. కానీ ఇన్నేళ్ల తర్వాత నాకు డబ్బు సంగతి పెద్దగా గుర్తు రావడం లేదు. తన లారీని తనే పాడుచేసుకున్నానని నమ్ముతూ అతను షెడ్డులోంచి వెళ్లిపోవడమే గుర్తొస్తోంది. ఆ నమ్మకం అతనితో ఎంతకాలం ఉందో!

తొమ్మిదో రోజు నాన్నకి ఫోన్ చేశాను. ఫ్యాన్ ఉల్టా బిగించానని చెబితే పగలబడి నవ్వాడు. “కాయితం పెట్టలేదట్రా?” అన్నాడు. ఆ డ్రైవరు సంగతి అడగాలనుకున్నాను, అడగలేదు.

చెబితే నా మనసు తేలికవుతుంది కాబట్టి చెప్పడం స్వార్థమేమో అని కూడా అనిపించింది. ఆయన చేతులు వణికే మనిషి, తీగల పనికి నన్ను నమ్మాడు. ఇప్పుడా నమ్మకం కూడా తీసేసుకుంటే ఆయనకి మిగిలేదేంటి? ఇది మంచి వాదనే. కాకపోతే ఈ వాదన చివర్లో లాభపడుతున్నది ప్రతిసారీ నేనే.

పదకొండో రోజు గోడ దగ్గరే చెప్పేశాను. ఫ్యాన్ ఉల్టా తిప్పింది నేను, ఇంజను చెడగొట్టింది నేను, వారం పైనే అయింది నాకు తెలిసి. చివరి ముక్క చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు: “అయితే గాలి నేను సరిగ్గానే తీశానన్నమాట?” అవునన్నాను. “నికరంగా తెలుసా?” అన్నారు మళ్లీ. పొంగు తగ్గాక చూశానని, నీళ్ల డబ్బాలో మట్టం ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని చెప్పాను. తలూపి లోపలికి వెళ్లిపోయారు. మూడు వారాలు నన్ను గ్యారేజీకి పిలవలేదు. గ్యాస్కెట్‌కీ హెడ్ ఫేసింగ్‌కీ డబ్బులిస్తానంటే మర్యాదకైనా వద్దనలేదు, మొత్తం తీసుకున్నారు. అది నాకు బాగానే అనిపించింది.

జూలై చివర్లో ఒక శనివారం పిలిచారు. కారు అమ్మే మాట ఎత్తలేదు. ఫ్యాన్ తీగలకి అంటించిన చిన్న చిన్న తెల్ల కాగితాల మీద వంకర అక్షరాలున్నాయి. ఆ కనెక్షన్లు తనే ఇచ్చుకున్నారు, రెండున్నర గంటలు పట్టింది. నేను టార్చిలైటు పట్టుకున్నాను. మధ్యలో రెండుసార్లు తీగ జారితే చెయ్యి చాపబోయాను, కళ్లతోనే వద్దన్నారు.

ఇంజను స్టార్ట్ చేసి, పేపర్లోంచి ఒక షీటు చింపి నా చేతికిచ్చారు. ముక్కు ముందు పట్టుకుని కూర్చున్నాను. 92 దగ్గర ఫ్యాన్ మొదలైంది, కాగితం నా వేళ్లలోంచి లాక్కున్నట్టు వెళ్లి జాలీకి అతుక్కుంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. 87 దగ్గర ఫ్యాన్ ఆగింది, కాగితం కింద పడింది.