తుప్పు వేరు, వయస్సు వేరు

ధ్యాన భాగము: యోహాను 20:24–29



మన పాస్టరేటు జీపును మీలో ఎరుగనివారు లేరు. బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చుట 1940ల చివర మొదలుపెట్టిరి. మనది ఆ వంశములోనిదే, 1960లలో మిషను బంగళాకు వచ్చినది. వేరుశనగ చేల గట్లవెంట అది తిరుగని పల్లె లేదు. నొప్పులు పడుచున్న తల్లులను ఆసుపత్రికి చేర్చినది. కరవు ఏండ్లలో జొన్నబస్తాలు మోసినది. మనవారిలో ఎందరినో సమాధుల తోటకు కొనిపోయినది. ఇప్పుడు గుడి వెనుక రేకుల కొట్టములో నిలిచియున్నది.

రాబోవు జూబిలీ పండుగకు దానిని రుద్ది, పుట్టీ పెట్టి, మెరయు రంగు వేయింపవలెనని మన యౌవనస్థులు కోరిరి. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న సహోదరుడొకడు ఖర్చంతయు తనదే అనెను. పెద్దలు ఒప్పుకొనిరి. మేమును ఒప్పుకొంటిమి. నెపము మరి యెవరిమీదను వేయము.

ఒక మంగళవారము ఉదయమున మేస్త్రీ వచ్చి ఉప్పుకాగితముతో ఎడమప్రక్క రేకును రుద్దసాగెను. మేము లోపల ఉత్తరములు వ్రాసికొనుచుంటిమి. అరగంటకు వెలుపలికి వచ్చి చూడగా తెల్లని ఇనుము కనబడుచున్నది. ఆ రేకుమీద మన పాత ఉపదేశిగారు పసుపు రంగుతో తమ చేతులార వ్రాసిన అక్షరములుండెడివి. సంఘము పేరు, దాని క్రింద ‘కీర్తనలు 121’ అను మాట. ఆయన ప్రభువునందు నిద్రించి చాల ఏండ్లాయెను. ఆయన భార్య, మీరెల్లరు అవ్వ అని పిలుచునామె, నీళ్లబిందెతో ఆ దారిని పోవుచు నిలిచిపోయినది. ఆమెకు చదువు రాదు. “అయ్యగారూ, ఆ పక్కవైనా ఉండాయా?” అని మాత్రము అడిగినది. తరువాత, “ఆ పొద్దు లాంతరు పట్టుకోనుండింది నేనే గదయ్యా” అన్నది.

మేస్త్రీని ఆపి దినకూలి పూర్తిగా ఇచ్చి పంపితిమి. అతని తప్పేమియు లేదు, మేము చెప్పినదే అతడు చేసెను.

అటుపిమ్మట ఈ పని తెలిసినవారిని విచారించితిమి. ముందే చేయవలసిన విచారణ అది. రంగు అనగా రెండు వస్తువుల కలయిక: వన్నెనిచ్చు పొడి ఒకటి, దానిని రేకుకు పట్టియుంచు జిగురు ఒకటి. ఏండ్లతరబడి ఎండ ఆ జిగురును చెరుపగా పొడి పైకి తేలి చేతికి అంటును. దానినే మనము రంగు వెలిసినది అందుము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు మన మెట్టసీమ రంగుకు కీడు చేసెనుగాని ఇనుమునకు మేలు చేసినది. మచిలీపట్నపు ఉప్పుగాలిలో ఉన్నయెడల ఈ బండి అడుగురేకు ఎన్నడో చిల్లులు పడియుండును.

పూతలన్నియు కలిసి పోస్టుకార్డుకంటె పలుచన. ఒక్కమారు గట్టిగా రుద్దినచో తొలిపూత పోవును, దానిని తిరిగి తెచ్చు మేస్త్రీ లోకములో లేడు. అంతేగాక పాత రంగులలోను వాటి అడుగుపూతలలోను సీసము ఉండుట కలదు, పొడిగా రుద్దినపుడు లేచు ధూళి పిల్లలకు హాని. ఆ మంగళవారము బడిపిల్లలు చుట్టు మూగి చూచుచుండిరి. దానిని తలంచుకొనినప్పుడు మాకు మరింత సిగ్గు కలుగుచున్నది.

ఈ సంగతి లోకస్థులు మనకంటె బాగుగా ఎరుగుదురు. 2022లో కొత్త జిల్లా ఏర్పడువరకు మన అనంతపురము జిల్లాలోనే యుండిన లేపాక్షికి పోయి చూడుడి. 16వ శతాబ్దములో అచ్చటి కప్పుమీద వేసిన చిత్రములు చాలచోట్ల వెలిసియున్నవి, కొన్నిచోట్ల రాలియున్నవి. అయినను నిచ్చెన వేసికొని కొత్త రంగు పూసెదనని యెవడైన బయలుదేరినచో కావలివారు ఊరకుందురా? బండ్ల విషయములోను 2021లో కేంద్ర ప్రభుత్వము ఒక నియమము చేసినది. 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడక, పెద్ద మార్పులు పొందక యున్న సొంత వాహనములను ప్రాచీన వాహనములుగా ప్రత్యేకముగా నమోదు చేసికొనవచ్చును. వాటిని నిత్యవాడుకకు రోడ్డుమీద తిప్పరాదు. మనదానికి అది ఎటులను కాదు గదా.

అయితే, ప్రియులారా, పాతది గనుక ముట్టరాదని మేము చెప్పుటలేదు. ముందు చక్రము పైరేకు అంచున తుప్పు తినుచున్నది. అడుగున ఎర్రమట్టి పేరుకొని, నీరు పోవు రంధ్రములు మూసికొని, అక్కడి చెమ్మ లోపలినుండి కొరుకుచున్నది. తుప్పు వేరు, వయస్సు వేరు. తుప్పును గీకి దాని మూలము కనుగొని ఆపవలెను. వయస్సును ఉండనియ్యవలెను. మన మేస్త్రీ చేయబోయినది ఈ రెంటిని కలిపి ఒక్క పూతక్రింద కప్పుట. యెహెజ్కేలు 13వ అధ్యాయములో బలములేని గోడకు పైపూత పూసి బాగున్నదనిన ప్రవక్తలమీద దేవుని కోపము వచ్చెను. పూత చూడ చక్కగానే యుండెనేమో, వాన వచ్చినపుడు గోడయే కూలెను.

యోహాను సువార్తలో తోమా సంగతి చదువుడి. మరణమును జయించి లేచిన ప్రభువు శరీరములో మేకుల గురుతులుండెను. వాటిని తుడిచివేయుట ఆయనకు అసాధ్యమా? తోమా ప్రభువును గుర్తుపట్టినది వాటివలననే. మనమో, జూబిలీకి వచ్చు పెద్దలయెదుట మన గీతలు కనబడునేమోయని భయపడితిమి. ఆ బండి కుడిప్రక్కనున్న లోతైన గీత ఎట్లు పడినదో మీలో ముసలివారిని అడుగుడి. వంక పొంగిన రాత్రి రాళ్లమధ్య నడిపి గర్భిణియైన ఒక తల్లిని దాటించినప్పటిది. ఆ రాత్రి పుట్టిన బిడ్డ నేడు మన సంఘపెద్దలలో ఒకడు. పుట్టీ పెట్టి ఆ గీతను పూడ్చుటకు చేయెత్తినవారిలో అతడును ఉండెను, అతనికి ఆ సంగతి తెలియదు!

కాబట్టి సెషనులో ఇట్లు తీర్మానించితిమి. కుడిప్రక్క ముట్టబడదు. ఎడమప్రక్క బయటపడిన ఇనుము తుప్పు పట్టకుండ పలుచని అడుగుపూత మాత్రము వేయింతుము. పోయిన అక్షరములను మరియొకనిచేత అచ్చము అట్లే వ్రాయింపవలెనని ఒకరు కోరిరి, మేము ఒప్పుకొనలేదు. అది ఉపదేశిగారి చేయి కాదు, అయినట్లు కనబడును. ఆ బోసి రేకు మా తొందరపాటునకు సాక్షిగా ఉండవలసినదే.

రానున్న శనివారము యౌవనస్థులు రావలెను. పొడిగుడ్డతో ఎవరును తుడువకూడదు, మన దుమ్ములోని సన్నని ఇసుక గీతలు పెట్టును. ముందు నీళ్లు పోసి దుమ్ము జార్చి, పిమ్మట మెత్తని సబ్బునీటితో కడుగవలెను. బోరునీరు ఆరినచోట తెల్లమచ్చలు కట్టును గనుక తొట్టిలోని వాననీటినే వాడుదము, వెంటనే అద్ది ఆర్పుదము. మైనము మొదట కనబడని మూల కొంచెము పూసి చూచి, రంగు గుడ్డకు విస్తారముగా ఊడి రానియెడల మిగతా భాగమునకు పలుచగా పట్టింపవచ్చును. అక్షరములమీద మాత్రము రుద్దవద్దు. తరువాత బండిని వేపచెట్టు క్రిందికి లాగవద్దు, పిట్టల రెట్ట రంగును తినును. కొట్టములోనే ఉంచి, టార్పాలిను గాక నూలు దుప్పటి కప్పుదము.

తుడుచుటకు మెత్తని గుడ్డలు కావలెనని ఆదివారము ప్రకటించితిమి. అవ్వ తన పాత నూలు చీరలు రెండు చింపి, ఉతికి, మడిచి సోమవారమే బంగళాకు పంపినది.